పేరు ముందు ‘డాక్టర్’ కోసం కాదు పీహెచ్‌డీ

పీహెచ్‌డీ అంటే పీజీ తర్వాత చదివే మరో కోర్సు కాదు. ఎవరూ తేల్చని ఒక ప్రశ్నకు ఆధారాలతో జవాబు రాబట్టి, నిపుణుల ముందు దాన్ని నిలబెట్టుకున్నవారికి విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా.

ఆ ప్రశ్న ఎంత చిన్నదైతే పరిశోధన అంత లోతుగా సాగుతుంది. ‘యానాం చరిత్ర’ అన్నది పరిశోధనాంశం కాదు. బ్రిటిష్ ఇండియాలో 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చాక, బాల్య వివాహాల కోసం జనం ఫ్రెంచి ఏలుబడిలోని యానాం వచ్చేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరూ పడింది. ఆ వచ్చినవారు ఏ ఊళ్లవారు, ఏ కులాలవారు అన్నది పరిశోధించదగ్గ ప్రశ్న. దానికి పాత దస్త్రాలు తిరగెయ్యాలి, అంతకుముందు ఫ్రెంచి నేర్చుకోవాలి. ఒక ఏడాది దానికే పోవచ్చు.

అర్హత సాధారణంగా పీజీలో 55 శాతం మార్కులు, రిజర్వేషన్ వర్గాలకు 50. ఆపైన నెట్ లేదా ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం వ్యవధి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠం ఆరేళ్లు. మొదట పరిశోధన పద్ధతులు నేర్పే కోర్సువర్క్, తర్వాత సలహా సంఘం ముందు ప్రగతి నివేదికలు, చివరికి సిద్ధాంత గ్రంథం, బయటి పరీక్షకుల మదింపు, వైవా. ఇన్ని మెట్లెక్కడానికి ఓపిక కావాలి. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరును శాశ్వతం చేసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి 1925లో వెలువడింది. ఆయనకు హార్వర్డ్ పీహెచ్‌డీ చేతికొచ్చింది మాత్రం 1930లో.

‘పీహెచ్‌డీ చేస్తే లెక్చరర్ ఉద్యోగం ఖాయం’ అన్న తల్లిదండ్రుల నమ్మకం పిల్లల ఏళ్లను మింగేస్తోంది. 2023 జూలై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్, సెట్, స్లెట్‌లే కనీస అర్హత. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఉద్యోగమే లక్ష్యమైతే ముందు నెట్ రాయడమే దారి. పరిశోధన కూడా చేయాలనుకునేవారికి అదే పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 అందుతాయి. ఫెలోషిప్ లేకపోతే ఖర్చుల భారమంతా ఇంటి మీదే. పాతికేళ్లు దాటిన బిడ్డను ‘ఇంకెన్నాళ్లు?’ అని రోజూ అడిగే ఇంట్లో పరిశోధన సాగదు.

అసలు ఉచ్చు థీసిస్ రాసిపెడతామనే దుకాణాలది. డబ్బులిచ్చి రాయించుకున్న గ్రంథం వైవాలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 60 శాతం మించి నకలు తేలితే రిజిస్ట్రేషనే రద్దు. పట్టా దక్కినా గ్రంథం సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగలో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. డబ్బు తీసుకుని వారంలో వ్యాసం అచ్చువేసే పత్రికలదీ ఇదే వ్యాపారం.

చేరేముందు చూడాల్సింది విశ్వవిద్యాలయం పేరు కన్నా గైడ్ పని. ఆయన దగ్గర పూర్తయిన రెండు గ్రంథాలను శోధగంగలో చదివితే చాలావరకు తెలిసిపోతుంది. చదివాక కూడా సొంత ప్రశ్న నిద్రపట్టనివ్వకపోతేనే పీహెచ్‌డీలో చేరాలి.