చప్పుడు చేయని ఫ్యాన్: హాలు కంప్యూటర్‌కు ఎంచుకోవడం ఎలా?



వార్షికోత్సవ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాయమని అడిగితే, మొదట పెద్ద పెద్ద విషయాలే తోచాయి. చివరికి మన హాలు కంప్యూటర్ గురించే రాయాలని నిశ్చయించుకున్నాం. ఎందుకో చెబుతాం.

పోయిన చలికాలం ఆదివారాల్లో పదో తరగతి వారికి భౌతికశాస్త్రం చెప్పడానికి మేము మెదక్ వచ్చేవాళ్ళం. టి-సాట్ పాఠాలను కంప్యూటర్ ద్వారా పెద్ద టీవీ మీద వేసేవాళ్ళం. ప్లగ్ పాయింట్ వెనక గోడకు ఉంది కాబట్టి కంప్యూటర్ వెనక బల్ల మీదే ఉంటుంది. ఒకరోజు వెనక వరుసలోని ఏడో తరగతి తమ్ముణ్ణి "అర్థమైందా?" అని అడిగితే, "అన్నా, నాకు పాఠం వినపడ్తలేదు. ఫ్యానే వినపడ్తున్నది" అన్నాడు. టీవీ సౌండ్ పెంచితే పక్క గదిలో చదువుకునే చిన్నవాళ్ళు వచ్చి గొడవ చేశారు.

ఇంకో తమ్ముడు తెలివిగా పెట్టె ఫ్యాన్ వైరు పీకేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇరవై నిమిషాలకు, సరిగ్గా ఓమ్ నియమం లెక్క దగ్గర, కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయింది. చప్పుడు పోవాలి, చల్లదనం ఉండాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో తెలుసుకోవడమే ఈ పాఠం.

వేడి లెక్క

కంప్యూటర్ తీసుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారుతుంది. ప్రాసెసర్ మీద చిన్న ఫ్యాన్ ఉన్నా, అది పెట్టెలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. వేడిగాలి బయటికి పోకపోతే ఆ ఫ్యాన్ వేడిగాలినే విసురుతుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ ముందు వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే కాలిపోకుండా కంప్యూటర్‌ను ఆపేస్తుంది.

ఎంత గాలి కావాలి? పదో తరగతి వారు కాగితం తీసుకోండి. మన కంప్యూటర్ 100 వాట్లు వాడుతుందనుకుందాం. అంటే సెకనుకు 100 జౌళ్ళు. ఒక కిలో గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1,000 జౌళ్ళు కావాలి. లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోవాలంటే, సెకనుకు 0.01 కిలోల గాలి చాలు. ఒక ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.2 కిలోలు. ఈ లెక్కన గంటకు 30 ఘనపు మీటర్లు. ఫ్యాన్ల డబ్బాల మీద సి.ఎఫ్.ఎం. అని ఉంటుంది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. ఒక సి.ఎఫ్.ఎం. గంటకు 1.7 ఘనపు మీటర్లు. కాబట్టి మనకు కావలసింది 18 సి.ఎఫ్.ఎం. మాత్రమే! జాలీలు, వైర్లు అడ్డుపడతాయి కనుక రెట్టింపు, అంటే 35 చూసుకుంటే సరిపోతుంది.

మేము చేసిన తప్పు

ఈ లెక్క వేయకుండానే మేము ముందు ఫ్యాన్ కొన్నాం. ట్యూషన్ డబ్బుల్లోంచి, పాతదాని కొలతే అయిన 80 మిల్లీమీటర్ల ఫ్యాన్, ఆర్.పి.ఎం. ఎక్కువ ఉన్నది చూసి తెచ్చాం. "ఎంత వేగమైతే అంత మంచిది" అనుకున్నాం. బిగించగానే పాతదే నయమనిపించింది.

మా నాయన మెదక్‌లో రైస్ మిల్లు హమాలీ. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. ఎం.ఎస్సీ. చదువుతూ ఒక ఫ్యాన్ దగ్గర ఓడిపోయామని ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాక నాయన అన్నాడు: "వడ్లు తూర్పార పట్టే పెద్ద ఫ్యాను చూడలేదా బిడ్డా? నిమ్మలంగ తిరిగినా పొట్టంత ఎగిరిపోతది. చిన్నదాన్ని ఉరికిస్తే మొత్తుకోదా?"

పుస్తకం కూడా ఇదే చెబుతుంది. ఒకే ఆకారంలో ఉన్న ఫ్యాన్లలో గాలి పరిమాణం వేగంతో పాటు పెరుగుతుంది, వ్యాసం మీద మాత్రం ఘనంగా పెరుగుతుంది. 80 నుంచి 120 మిల్లీమీటర్లకు పోతే వ్యాసం 1.5 రెట్లు, గాలి 3.375 రెట్లు. 2,400 ఆర్.పి.ఎం. చిన్న ఫ్యాన్ చేసే పని, అన్ని కొలతలూ అదే నిష్పత్తిలో పెరిగితే, పెద్దది సుమారు 710 దగ్గరే చేస్తుంది. బజారులో రెండింటి మందమూ సాధారణంగా 25 మిల్లీమీటర్లే కాబట్టి అంత లాభం రాదు. అయినా వేగం సగానికి తగ్గించుకోవచ్చు.

వేగం సగమైతే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుందని ఇంజనీర్లు వాడే మోటు లెక్క. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుంది. ఒకే రకం ఫ్యాన్లు రెండు పెడితే పెరిగేది 3 డెసిబెల్సే. కాబట్టి ఒక ఫ్యాన్‌ను ఉరికించడం కంటే రెండింటిని నెమ్మదిగా తిప్పడం మేలు.

కొనేటప్పుడు చూడవలసినవి

1. కొలత: పెట్టెకు పట్టే వాటిలో అన్నిటికంటే పెద్దది తీసుకోండి. స్కేలుతో కొలిచి రాసుకుని వెళ్ళండి.

2. డబ్బా మీది అంకెలు: మూడింటినీ కలిపి చదవాలి. ఉదాహరణకు ఆస్ట్రియాకు చెందిన నోక్టువా కంపెనీ ఎన్.ఎఫ్.-ఎ12x25 ఫ్యాన్‌కు 2,000 ఆర్.పి.ఎం., 60 సి.ఎఫ్.ఎం., 22.6 డెసిబెల్స్ అని ఉంటుంది. దాన్ని 1,200 దగ్గర తిప్పినా 36 సి.ఎఫ్.ఎం. వస్తుంది. అది ఖరీదైనది. అందరం అదే కొననక్కర లేదు, లెక్క నేర్చుకుంటే చాలు. గాలి ఎంతో చెప్పకుండా డెసిబెల్స్ మాత్రమే గొప్పగా వేసిన డబ్బాను నమ్మకండి.

3. బేరింగ్: స్లీవ్ బేరింగ్ చవక. కొత్తలో నిశ్శబ్దంగానే ఉంటుంది, వేడికి నూనె ఆరిపోతే గరగరమంటుంది. బాల్ బేరింగ్ ఎక్కువ కాలం వస్తుంది కానీ సన్నటి చప్పుడు ఉంటుంది. ఫ్లూయిడ్ బేరింగ్‌లో ఇరుసు నూనె పొర మీద తిరుగుతుంది. హాలుకు ఇది మంచిది.

4. పిన్నులు: నాలుగు పిన్నుల ఫ్యాన్ అయితే, వేడిని బట్టి వేగాన్ని మదర్‌బోర్డే సర్దుతుంది. మూడు పిన్నుల దానికి వోల్టేజి తగ్గించి వేగం తగ్గించాలి, అన్ని బోర్డులూ ఆ పని చేయవు.

5. రబ్బరు పిన్నులు: ఇనుప స్క్రూలతో బిగిస్తే ఫ్యాన్ వణుకు రేకుకు ఎక్కి పెట్టె అంతా మోగుతుంది. రబ్బరు పిన్నులు ఆ వణుకును మింగేస్తాయి.

బిగించేటప్పుడు

ముందు ప్లగ్ తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. కరెంటు సరఫరా చేసే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ తీసినా అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దుమ్ము బ్రష్‌తో దులపండి. ఫ్యాన్‌కు ఒక పక్క మోటారును పట్టి ఉంచే అడ్డపట్టీలు ఉంటాయి, గాలి ఆ పక్కకే పోతుంది.

మన పెట్టె పక్క మూతకు 120 మిల్లీమీటర్ల చోటు ముందునుంచే ఉంది, మేమే చూడలేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌కు పోయి నాలుగు పిన్నుల ఫ్యాన్ ఒకటి తెచ్చి, గాలి లోపలికి వచ్చేలా అక్కడ బిగించాం. వెనక చిన్న ఫ్యాన్ తీసి, ఆ కిటికీని వేడిగాలి పోయే దారిగా వదిలాం.

ఒక ముఖ్య విషయం. వేగం ఎప్పుడు పెరగాలో బయోస్‌లో మనమే పెట్టవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలే 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ 40 దగ్గరే వేగం అందుకునేలా పెడితే ఎండాకాలమంతా మొత్తుకుంటూనే ఉంటుంది. మేము ప్రాసెసర్ 55 డిగ్రీల వరకు తక్కువ వేగం, 75 దగ్గర పూర్తి వేగం పెట్టాం. ఒక పాఠం మొత్తం వేసి, వేడి ఎంతకు చేరిందో చూశాకే అలా వదిలాం. మీరూ చూడకుండా వదలకండి.

పరీక్ష

మా దగ్గర శబ్దం కొలిచే పరికరం లేదు. అందుకని డిక్టేషన్ పెట్టాం. టీవీ దగ్గర నిలబడి ఒకరు మామూలు గొంతుతో పది మాటలు చదివితే, వెనక వరుసవాళ్ళు రాయాలి. పాత ఫ్యాన్‌తో సగం మాటలు తప్పాయి. కొత్త ఫ్యాన్‌తో ఆ ఏడో తరగతి తమ్ముడు ఒక్కటే తప్పు రాశాడు. అది కూడా స్పెల్లింగ్ తప్పు! వేసవిలో సీలింగ్ ఫ్యాన్ల చప్పుడు ఎలాగూ ఉంటుంది. చలికాలపు రాత్రుల్లో, పరీక్షల ముందు, ఈ తేడా బాగా తెలుస్తుంది.

పాఠాలు చూడటానికే అయితే ఫ్యాన్ లేని స్మార్ట్ టీవీ చాలదా అని మీరు అడగవచ్చు. చాలు. కానీ మన హాస్టల్‌లో టైపింగ్ నేర్చుకునేది, దరఖాస్తులు నింపేది కూడా ఆ ఒక్క కంప్యూటర్ మీదే. దాన్ని కాపాడుకోవాలి. నెలకొకసారి దుమ్ము దులిపే బాధ్యతను ఈ ఏడాది తొమ్మిదో తరగతి వారు తీసుకోవాలని మా కోరిక.

ముందు వరుసలో కూర్చున్నవాడు ఎలాగైనా వింటాడు. వెనక కూర్చున్న తమ్ముడికి కూడా వినపడితేనే అది పాఠం. మేమూ ఒకప్పుడు ఆ వెనక వరుసలోనే కూర్చున్నాం.

మీ అందరికీ మంచి మార్కులు రావాలని కోరుకుంటూ,

పూర్వ విద్యార్థులు, ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం
మెదక్