చర్మవ్యాధులకు థాయిలాండు మూలికలు: పాలు పితికేవారికి ఒక పాఠం



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాల లెక్కలతోపాటు పాలు పితికేవారి చేతులు కూడా చూస్తాము. వేళ్ళ మీద తామర, మణికట్టు మీద చీముగడ్డ, దానిపై ఆకు పసరు కట్టు కనబడుతుంటాయి. "పసరు నిజంగా పనిచేస్తుందా?" అని ఒక సభ్యురాలు మమ్ములను అడిగినది. థాయిలాండు దేశంలో ఇదే ప్రశ్నను పరిశోధనాగారాలలో పరీక్షించారు. అక్కడివారు వాడే మొక్కలలో కొన్ని మనకూ తెలిసినవే గనుక ఆ సంగతులు ఇక్కడ తెలియజేస్తున్నాము.

రోగాలు రెండు రకాలు

తామర బూజు జాతికి చెందిన శిలీంధ్రం వల్ల వస్తుంది. దూడల నుండి మనుషులకు కూడా అంటుకుంటుంది. సెగగడ్డలు, చీముపుండ్లు ఎక్కువగా స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా వల్ల వస్తాయి. పశువులలో పొదుగువాపును కలిగించే వాటిలో ఇది ముఖ్యమైనది. ఒకదానిని అణచే మందు రెండవదానిని అణచాలని లేదు.

తామరకు వాడే మొక్కలు

థాయి పల్లెలలో "చుమ్‌హెత్‌ థెత్" ఆకును వెల్లుల్లితో నూరి తామరపై పూస్తారు. మనం సీమ అవిసె, మెట్టతామర అనేది ఈ మొక్కనే. దీని ఆకులో రీన్, అలో-ఎమోడిన్ అనే పదార్థాలున్నాయి. రెండవది "తోంగ్ ఫన్ చాంగ్", అనగా మన నాగమల్లి. దీని ఆకును గాని, వేరును గాని నూరి సారాలో నానబెట్టి పూస్తారు. సారా ఎందుకు? ఇందులో శిలీంధ్రాన్ని అణచే రైనకాంథిన్ నీటిలో సరిగా కరగదు, సారాలో దిగుతుంది. పదార్థం పేరు తెలియకపోయినా పెద్దలు పద్ధతిని సరిగానే పట్టుకున్నారు.

చీముపుండ్లకు వాడేవి

మాంగోస్టీన్ పండు తొక్కను ఎండబెట్టి, సున్నపు తేటతో అరగదీసి పుండ్లకు రాయడం అక్కడి ఆచారం. 2005లో థాయి పరిశోధకులు పది మూలికల సారాలను, మెథిసిలిన్ మందుకు లొంగని 35 స్టెఫిలోకాకస్ నమూనాలపై పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. ఆ నమూనాలు ఆసుపత్రి రోగుల నుండి తీసినవి. తొమ్మిది మూలికలు అన్ని నమూనాలపైనా పనిచేశాయి. వాటిలో మాంగోస్టీన్, దానిమ్మ, మాచికాయ మేలైనవిగా తేలాయి. ఆల్కహాలుతో తీసిన మాంగోస్టీన్ సారం మిల్లీలీటరుకు 0.05 నుండి 0.4 మిల్లీగ్రాములున్నా బాక్టీరియా పెరగలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక

ఇది గాజుపాత్రలో జరిగిన పరీక్ష. పుండుపై చీము, మురికి ఉంటాయి. మనం నూరిన ముద్దలో మందు ఎంత ఉన్నదో కొలత లేదు. శుభ్రంలేని రోటిలో నూరితే కొత్త క్రిములు చేరుతాయి. సారా కలిపిన మందు పచ్చిపుండుపై మంట పెడుతుంది. కనుక మూలికలో గుణం ఉన్నదన్న మాట నిజమే గాని, దానిని నమ్మి చికిత్స ఆలస్యం చేయరాదు.

పాలకు దీనితో సంబంధమేమి? చీముపుండు ఉన్న చేతితో పితికితే ఆ బాక్టీరియా పాలలో పడుతుంది. పాలు చల్లబరచకుండా ఉంచితే అది పెరిగి విషాన్ని విడుదల చేయగలదు. కాచితే బాక్టీరియా చస్తుంది గాని, ఆ విషం పోదు. ఒక్కరి చేతి పుండు సంఘం క్యాను మొత్తానికి ముప్పు.

గుర్తుంచుకోవలసినవి

1. చేతిపై చీముపుండు ఉన్నవారు మానేవరకు పాలు పితకరాదు. ఇంట్లో మరొకరికి ఆ పని అప్పగించాలి.
2. తామర ఉన్న దూడను వేరుగా కట్టి, పశువైద్యునికి చూపాలి. దానిని ముట్టుకున్న తరువాత సబ్బుతో చేతులు కడగాలి.
3. స్టెరాయిడ్ కలిసిన పూతమందులను డాక్టరు చెప్పకుండా తామరపై రాయరాదు. దురద తగ్గినట్లుండి తామర లోలోపల పాకుతుంది.
4. పసరును పొదుగు రంధ్రంలోకి ఎక్కించరాదు.
5. జ్వరం వచ్చినా, ఎరుపు వ్యాపించినా, మధుమేహం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పెద్దల మూలికను గౌరవిద్దాము, పరీక్షించి వాడుకుందాము. పాల క్యానును మాత్రం పరీక్షకు పెట్టవద్దని మా మనవి.