నెత్తుటిలోని ఉప్పు లెక్క

1882వ సంవత్సరమున లండను నగరమందు సిడ్నీ రింగరు అను వైద్యుడు కప్పగుండెను వెలికిదీసి, ఉప్పునీటి సాయమున దానిని కొట్టుకొనునట్లు చేసెను. ఉప్పునీరే చాలునని ఆయన తలచెను. అయితే ఆ నీరు స్వేదనజలముతో గాక కుళాయినీటితో చేయబడినదని పిమ్మట తెలియవచ్చినది. స్వేదనజలముతో మరల పరీక్షింపగా గుండె నీరసించి ఆగిపోయెను. కుళాయినీటియందలి పిసరంత కాల్షియమే దానిని నడిపినది! తన తొలి వ్యాసమున పొరపాటు దొరలెనని రింగరు 1883లో తానే ప్రకటించెను. అట్టి నిజాయితీ అందరికిని అలవడునది కాదు.

నెత్తుటిలో కరిగిన లవణములు విద్యుదావేశము గల కణములుగా విడివడియుండును. వీనిని అయానులందురు. లీటరు ప్లాస్మాలో సోడియము సుమారు 140 మిల్లీమోలులుండగా పొటాసియము 3.5 మొదలు 5 వరకు మాత్రమే యుండును. ఈ స్వల్పభాగము మితిమీరినచో గుండె లయ తప్పును; ఒక్కొక్కప్పుడు ఆగిపోవును.

పూర్వము నెత్తుటి ద్రవమును మంటలో చిమ్మి, సోడియపు పసుపు వెలుగును, పొటాసియపు ఊదా వెలుగును కొలిచెడివారు. ఎలక్ట్రోడు పద్ధతి వేరు. పరీక్షింపవలసిన ద్రవమునకును, గాఢత తెలిసిన ద్రావణమునకును నడుమ ఒక పలుచని పొర నుంచుదురు. ఆ పొర ఒక్కజాతి అయానునకే చోటిచ్చును. ఇరువైపుల దాని గాఢత వేరైనచో పొరకు ఆవల ఈవల విద్యుత్పీడనమున తేడా కలుగును. ఆ తేడాను కొలిచి గాఢతను లెక్కకట్టుదురు.

సోడియమును కాదని పొటాసియమును మాత్రమే పట్టగల పొర యెట్లు లభించినది? 1960ల చివర స్విట్జర్లాండు దేశమున విల్‌హెల్మ్ సీమాన్, ఆయన సహచరులు వాలినోమైసిన్ అను పదార్థముతో దానిని సాధించిరి. ఒకజాతి సూక్ష్మజీవులు తయారుచేయు ఈ పదార్థపు అణువు ఉంగరమువంటిది. దాని నడిమి చోటు పొటాసియమునకు సరిగా సరిపడును. సోడియము అంతకంటె చిన్నది. చిన్నది మరింత సులభముగా దూరవలెను గదా యని తోచును. కాని సోడియమును నీటి అణువులు గట్టిగా చుట్టుకొనియుండును. వానిని విడిపించి తనలోనికి లాగుకొనునంత బిగువుగా ఆ ఉంగరము సోడియమును పట్టజాలదు. నేటికిని అనేక ఆసుపత్రుల పరికరములందు ఈ పదార్థమే పనిచేయుచున్నది.

కొలత మిక్కిలి సున్నితమైనది. పొటాసియము 4 నుండి 6కు పెరిగినచో వైద్యుడు కలవరపడును. ఎలక్ట్రోడునందు కలుగు మార్పు సుమారు 11 మిల్లీవోల్టులు మాత్రమే.

ఇందొక చిక్కు కలదు. పొటాసియము ఎర్రకణముల లోపల మిక్కుటముగా నుండును. సన్నని సూదితో నెత్తుటిని బలముగా లాగినను, గొట్టమును గట్టిగా కుదిపినను ఆ కణములు పగిలి, లోని పొటాసియము బయటబడును. ఎలక్ట్రోడు దానినిగూడ లెక్కించును. నిజముగా పొటాసియము తగ్గిన రోగికి అంకె సరిగానే యున్నట్లు కనబడి, చేయవలసిన వైద్యము ఆగిపోవచ్చును. అందుచేత ప్రయోగశాలలో నెత్తుటిని గిరగిర త్రిప్పి ప్లాస్మాను వేరుపరచి, అది పసుపుగా గాక ఎరుపెక్కినదా యని చూతురు. రోగి మంచము ప్రక్కనే వాడు చిన్న పరికరములలో నెత్తుటిని వేరుపరపరు గనుక ఆ ఎరుపు కంటబడదు. అచట అంకె రోగి స్థితికి పొసగనిచో, నెమ్మదిగా మరల నెత్తురు తీసి పరీక్షింతురు.