కంప్యూటరు ఆన్ కానపుడు సంఘము చేయవలసిన పనులు

తిరుపతి, చిత్తూరు పల్లెలలో తెల్లవారకముందే పాలకేంద్రము వద్ద వరుస కట్టుదురు. ఆ వేళ కంప్యూటరు ఆన్ కాకున్నను పాలు ఆగవు, లెక్కయు ఆగరాదు.

మొదట పాలు తూచి, సభ్యుని నంబరు, పరిమాణము రిజిస్టరులో వ్రాయవలెను. వెన్న పరీక్షకు వీలుకానిచో నంబరు వేసిన సీసాలో నమూనా తీసి చల్లగా ఉంచవలెను. వెన్న శాతము అంచనాగా వేసినచో సభ్యుడో, సంఘమో నష్టపోవుదురు.

పిదప గోడ నుండి పెట్టె వరకు వరుసగా చూడుడు.

1. ప్లగ్గులో సెల్‌ఫోను ఛార్జరు పెట్టి కరెంటు ఉన్నదీ లేనిదీ తెలిసికొనుడు.

2. యూపీఎస్ పనిచేయనిచో స్విచ్చి ఆపి, కంప్యూటరు వైరును గోడ ప్లగ్గుకు మార్చుడు.

3. పెట్టె వెనుక వైరును గట్టిగా నొక్కుడు. అచట చిన్న స్విచ్చి ఉన్నచో, సున్న గుర్తు వైపు నొక్కియున్న ఆపినట్లు. గీత వైపు నొక్కుడు.

4. వైరు ఊడదీసి, పవర్ బటను అర నిమిషము నొక్కిపట్టి, మరల తగిలించుడు.

5. పెట్టెలో ఫ్యాను తిరుగుచు తెర మాత్రము నల్లగా ఉన్నచో తెర వైర్లు చూడుడు.

అప్పటికిని ఆన్ కానిచో మెకానిక్కును పిలువుడు. లోపలి ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పరాదు. ప్లగ్గు తీసినను అందు విద్యుత్తు నిలిచియుండి షాకు కొట్టవచ్చును.

బాగైన పిదప రిజిస్టరు లెక్కను ఎక్కించి, ఇద్దరు సభ్యుల ఎదుట సరిచూడవలెను. తనిఖీలో మేము ముందుగా అడుగునది ఆ పూట రిజిస్టరునే.