పాఠం: బెండకాయ, చిప్స్ ప్యాకెట్ (చిన్న నాటిక)

అమ్మలూ, నాన్నలూ! ఈ పాఠం పిల్లలతో కలిసి, వీలైతే అన్నం తినేచోటే కూర్చుని చదవండి.

"బెండకాయ తింటే లెక్కలు బాగా వస్తాయి" అని మన పెద్దవాళ్ళు చెప్తే మనం నమ్మి తినేశాం. ఇక్కడి పిల్లలు "ఎలా వస్తాయి?" అని అడుగుతారు. కోప్పడకండి. కబుర్లు మొదలయ్యేది అక్కడే.

కానీ ఒక జాగ్రత్త. మేము ఈ దేశం వచ్చిన కొత్తలో మా బాబుకి 'మాయాబజార్' (1957) చూపించాను. ఘటోత్కచుడిగా ఎస్.వి. రంగారావు పెళ్ళి విందు ఆరగిస్తుంటే వాడు పడీ పడీ నవ్వాడు. మర్నాడు చుట్టాల ముందు మూడో దోసె అడిగాడు. "వచ్చాడండీ మా ఘటోత్కచుడు!" అన్నాను. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. ఆ రాత్రి పడుకునేముందు "అమ్మా, నేను లావుగా ఉన్నానా?" అన్నాడు. వారం రోజులు దేన్నీ రెండోసారి వడ్డించుకోలేదు. బీఈడీ చదివిన నేను తరగతిలో ఏ పిల్లవాడినీ అలా అనను. ఇంట్లో అనేశాను.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే నియమం: కూరని చూసి ఎంతైనా నవ్వొచ్చు, తినేవాళ్ళని చూసి నవ్వకూడదు.

ఇప్పుడు నాటిక. ఒకరు బెండకాయ, ఒకరు చిప్స్ ప్యాకెట్.

చిప్స్: నన్ను చూడు, ఎంత ఉబ్బి ఉన్నానో!
బెండకాయ: లోపల ఏముందేమిటి?
చిప్స్: (మెల్లగా) కాస్త ఆలుగడ్డ, నూనె, ఉప్పు... మిగతాదంతా గాలి.
బెండకాయ: పేరు గొప్ప, ఊరు దిబ్బ!
చిప్స్: నువ్వు మాత్రం? ఛీ, జిగురు!
బెండకాయ: ఆ జిగురు కూడా ఒకరకం పీచే. పొట్టకి మంచిది.
చిప్స్: నిన్ను తింటే లెక్కలొస్తాయటగా?
బెండకాయ: అబ్బే! నాకే రెండో ఎక్కం రాదు. లెక్కలు చేస్తేనే వస్తాయి.

కొత్త మాటలు
జిగురు: చేతికి అంటుకునేది.
పీచు: కూరల్లో, పళ్ళలో ఉండే నార.
పేరు గొప్ప, ఊరు దిబ్బ: పైకి గొప్పగా కనిపిస్తుంది, లోపల ఏమీ ఉండదు.

చేసి చూడండి
1. బెండకాయలు కడిగి, తడి లేకుండా తుడిచి కోస్తే జిగురు తగ్గుతుంది. తుడిచే పని పిల్లలకి ఇవ్వండి.
2. పిల్లలూ, మీకు నచ్చని కూర మీతో దెబ్బలాడితే ఏమంటుంది? నాలుగు మాటలు రాయండి. మా బాబు రాసిన కాకరకాయ "నన్ను పంచదారలో ముంచినా మారను" అంది!
3. "ఇంకొంచెం", "చాలు", "ఇవాళ వద్దు". ఈ మూడూ గట్టిగా పలకండి. పెద్దవాళ్ళూ, పిల్లలు ఏది అన్నా నవ్వకుండా, బలవంతపెట్టకుండా వినండి. ఇది మన అభ్యాసం.