రామదాసు: ఒక్క పేరు, ముగ్గురు మహనీయులు

రామదాసు అనగానే తెలుగువారికి భద్రాచలం స్ఫురిస్తుంది. అయితే ఆ పేరుతో ప్రసిద్ధులైన మహనీయులు మరి ఇద్దరున్నారు. తీర్థయాత్రలు చేసే భక్తులు ఒకరి చరిత్రను మరొకరికి ఆపాదింపకుండా ముగ్గురినీ వేర్వేరుగా ఎరిగి ఉండడం మేలు.

మొదటివారు నేలకొండపల్లిలో జన్మించిన కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో గోలకొండ ప్రభువు తానీషా కొలువులో తహసీల్దారై, భద్రగిరిపై రామాలయం నిర్మింపజేసి, కారాగారవాసం అనుభవించారు. దాశరథీ శతకం వీరిదే.

రెండవవారు అదే శతాబ్దికి చెందిన సమర్థ రామదాసు. 1608లో మహారాష్ట్రలోని జాంబ్ గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నారాయణుడు. మరాఠీలో దాసబోధ రచించారు. వీరి సమాధి సజ్జనగఢ్‌లో ఉన్నది.

మూడవవారు వీరిద్దరికీ పూర్వులు, సిక్కుల నాల్గవ గురువు రామదాసు. 1534లో లాహోరులో జన్మించారు. చిన్ననాడు జేఠా అని పిలిచేవారు. అమృతసర్ నగర స్థాపకులు వీరే. వీరి వాణిలో రాముడనగా నిరాకారుడైన పరమాత్మ.

లోకం ముగ్గురినీ మొదట వేరే పేర్లతో పిలిచి, కడకు ఒక్క పేరుతోనే స్మరిస్తున్నది. 'రామస్య దాసః' అని విగ్రహవాక్యం; షష్ఠీ తత్పురుషం. తత్పురుషంలో ఉత్తరపదార్థమే ప్రధానం. అనగా ఈ నామంలో ముఖ్యమైనది దాస్యమే. ఆలయానికి విరాళమిచ్చి శిలాఫలకంపై మన పేరు కోసం వెదకుకొనే వేళ, ఈ సమాసాన్ని ఒక్కసారి స్మరించుకొందము గాక!