క్లోరిన్‌కు లొంగని క్రిమి

ప్రశ్న: క్లోరిన్ కలిపిన కుళాయినీటివలన కూడ పరాన్నజీవులు సంక్రమించునా?

జవాబు: సంక్రమించును. మిషిగన్ సరస్సునుండి నీటిని గ్రహించి, మడ్డిని అడుగున పేరుకొనజేసి, వడగట్టి, క్లోరిన్ కలిపి పంచిపెట్టుచుండిన అమెరికాలోని మిల్వాకీ నగరమున, 1993 మార్చి నెలలో, రెండు శుద్ధికేంద్రములలో దక్షిణమున నున్నదానినుండి వెలువడిన నీటియందు కలక అసాధారణముగ హెచ్చగా, ఇంచుమించు 4 లక్షల జనులు అతిసారమునకు లోనైరి. ఎయిడ్స్ మొదలగు కారణములచే రోగనిరోధకశక్తి క్షీణించియున్నవారిలో పలువురు మరణించిరి. నాటి ప్రభుత్వప్రమాణములకు లోబడిన నీరే నగరమును మంచము పట్టించుట ఇందలి విచిత్రము.

దీనికి మూలము క్రిప్టోస్పోరిడియం అను సూక్ష్మజీవి. మనుష్యుల, పశువుల మలముతో జలాశయములఁ జేరు దీని బీజకోశము 4 మొదలు 6 మైక్రాన్లు మాత్రమే యుండియు, దళమైన కవచము కలదగుటచే, త్రాగునీటిలో సామాన్యముగ కలుపు క్లోరిన్ మోతాదును లక్ష్యపెట్టదు. బాక్టీరియాకై జరుపు పరీక్షలలో ఇది కానరాదు. కావున దీనిని నిరోధించు భారమంతయు వడపోతపైననే పడును. ఆ వడపోత సడలినచో సామాన్యముగ కలుపు క్లోరిన్ వ్యర్థమే యని నా అభిప్రాయము. ఓజోన్, అతినీలలోహిత కిరణములు దీనిని నిర్వీర్యము చేయగలవు. మిల్వాకీలో తరువాత ఓజోన్‌తో శుద్ధిచేయు ఏర్పాటును నెలకొల్పిరి.

ఇంట మీరు చేయదగినది సులభము: నీరు తెర్లఁగాగిన పిమ్మట ఒక నిమిషము మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి త్రాగుడు. మంచుగడ్డలకును, పండ్లు కడుగుటకును ఆ నీటినే వాడుడు.